క్యాలెండర్ వెనక గాజుముక్క

నా చిన్నప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పాత ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. వానొస్తే వంటగది కప్పు కారేది. పడగ్గది గోడకు నేల నుంచి కిటికీ దాకా పగులు. ఓనరు ఇల్లు అమ్ముతాననగానే మా నాన్న అమ్మ గొలుసు అమ్మి బయానా ఇచ్చేశాడు. మిగతాది బ్యాంకు లోను రావాలి. నెలాఖరులోగా రాకపోతే బయానా పోతుంది, ఇల్లూ పోతుంది.

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, మేస్త్రీ. ఆ పగులు చూసిన రోజే సన్నని గాజుముక్కను దానికి అడ్డంగా పెట్టి, రెండు చివరలా సిమెంటుతో అతికించాడు. గోడ ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది, లేకపోతే నిలుస్తుంది. రోజూ చూసి చెప్పే పని నాది.

బ్యాంకు ఇంజనీరు వస్తాడని తెలిశాక నాన్నకు భయం పట్టుకుంది. ఆ ఒక్క గోడకే సున్నం కొట్టి, గాజుముక్క కనబడకుండా లక్ష్మీదేవి క్యాలెండర్ తగిలించాడు. దేవుడి పటాన్ని ఎవరూ కదిలించరని ఆయన ధీమా. నన్ను కూడా ముట్టనివ్వలేదు. ఆ తర్వాత వారమంతా వాన. గాజు నిలిచిందో విరిగిందో చూసినవాళ్లు లేరు.

ఇంజనీరు కోస్తా మనిషి. వంటగది కప్పు చూసి ఏదో రాసుకున్నాడు. పడగ్గదిలోకి వచ్చి ఆగిపోయాడు.

“ఇల్లంతా వదిలేసి ఈ గోడకొక్కదానికే సున్నం వేశారేంటండీ?”

“పిల్ల గీతలు గీసింది సార్,” అన్నాడు నాన్న.

నేను గోడ మీద ఎన్నడూ గీత గీసినదాన్ని కాను. ఇంజనీరు నా వైపే చూస్తున్నాడు.

గుమ్మం దగ్గర నుంచి తాతయ్య అన్నాడు: “బిడ్డా, గా క్యాలెండర్ తియ్యి.”

“మామా, జర ఊకో!” అన్నాడు నాన్న.

“తియ్యి బిడ్డా.”

కళ్లు మూసుకుని ఎత్తాను. తెరిచేసరికి గాజు మీద సున్నం చుక్కలున్నాయి. చీలిక మాత్రం లేదు.

ఇంజనీరు గోటితో తట్టి చూశాడు. “ఎన్నాళ్లయింది పెట్టి?”

“ఎండకాలంల పెట్టిన సార్. గిప్పుడు వానలు గూడ సూసింది.”

“మొదట చూపించాల్సిందే ఇదండీ. దీన్ని దాచిపెట్టారా!” అని నవ్వాడు. గోడ ఎప్పుడో కుంగి నిలిచిపోయిందని, కప్పు మాత్రం బాగుచేయించాలని రాసుకుపోయాడు. కప్పు పని చూశాక, గడువుకు రెండు రోజుల ముందు లోను ఇచ్చారు.

ఆ సాయంత్రం తాతయ్యను అడిగాను. “నీకు గూడ తెల్వదు గదా తాతా. ఇరిగి ఉంటే?”

“ఇరిగుంటే లోను రాకపోవుడే మంచిది. గా గోడ పక్కకే గదా నువ్వు పండేది.”

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా లైబ్రరీ బల్ల మీదే. అక్కడే ఒకనాడు ఇళ్ల నిర్మాణం పుస్తకంలో ఆ గాజుముక్క బొమ్మ కనబడితే, పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆయనకు కూడా గొప్పగా చూపించాను. గాజు ఎలా అతికించాలో అందులో ఉంది. ఏం కనబడుతుందో తెలియకుండానే క్యాలెండర్ తీయించడం గురించి లేదు.

మొన్న మా అబ్బాయి ఎల్బీనగర్‌లో ఒక పాత ఫ్లాటు చూపించడానికి తీసుకుపోయాడు. అమ్మేవాళ్లు చాయ్ తేవడానికి లోపలికి వెళ్లగానే నేను లేచాను. “అమ్మా, ఇజ్జత్ తియ్యకే,” అని గొణిగాడు వాడు.

గోడ మీది వేంకటేశ్వరస్వామికి ముందు దండం పెట్టుకున్నాను. తర్వాత ఎత్తి చూశాను.