పిల్లల్ని పోగొట్టుకున్న ఎలుగుబంటి

మొన్న నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర ఆటో ఆగిపోయింది. ముందు బస్సు, పక్కన బస్సు, వెనక హారన్ల మోత. నా పక్కన కూర్చున్న పెద్దావిడ తలనొప్పి తట్టుకోలేక చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుంది. నీలగిరి తైలం. అంతే, నేను చటుక్కున అటు తిరిగాను. “ఏంది బిడ్డా, పడదా నీకు ఈ వాసన?” అంటూ ఆవిడ గబగబా మూత పెట్టబోయింది. “పడుతుందమ్మా, ఉంచండి” అన్నాను. ఆ వాసన రాజరత్నం టీచర్‌ది. ఆవిడకి వారానికి రెండుసార్లయినా తలనొప్పి వచ్చేది, ఆవిడ చీర కొంగుకి ఎప్పుడూ ఆ తైలం వాసనే. ఆ వాసన తగిలితే నాకు ఆవిడ గుర్తొస్తారు, వెంటనే నా ఈర్ష్య కూడా గుర్తొస్తుంది. రెండూ విడదీసి చెప్పడం నాకు చేతకాదు, కలిపే చెబుతాను.

టీచర్‌ది తెనాలి వైపు ఊరు. నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పడానికి వచ్చి, పెళ్లి మాట తలపెట్టకుండా అశోక్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో ఉండిపోయారు. ఆదివారాలు చిక్కడపల్లిలో మా చర్చి వెనక రేకుల గదిలో పిల్లలకి బైబిలు చెప్పేవారు. నాకు ఆరేళ్లప్పుడే మా నాన్న పోయాడు. అమ్మ నర్సు. అమ్మ డ్యూటీ దిగి వచ్చేదాకా నేను బడి నుంచి నేరుగా టీచర్ ఇంటికే వెళ్లేదాన్ని. అటుకులు తాలింపు వేసి పెట్టేవారు. వంటగది గుమ్మంలో కూర్చుని హోంవర్కు రాసుకునేదాన్ని. ఆవిడ జవాబు పత్రాలు దిద్దుకుంటూ మధ్యమధ్యలో నా తల మీద చెయ్యి వేసేవారు. కాబట్టి ఆవిడ నా మనిషి. ఈ మాట ఎవరూ నాతో అనలేదు, నేనే అనుకున్నాను, గట్టిగా అనుకున్నాను.

కొత్త సంవత్సరం రాగానే మా చర్చిలో పెద్దవాళ్లకి వాగ్దానపు చీటీలు పంచుతారు. పళ్లెంలో బైబిలు వాక్యాలు రాసిన చీటీలుంటాయి. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి, ఆ ఏడాదికి అదే మీ వాక్యం. టీచర్ మా పిల్లల కోసం వేరే చీటీలు తయారుచేసేవారు. వాటిలో వాగ్దానం ఉండేది కాదు. బైబిలు దేవుణ్ణి దేనితో పోల్చిందో ఆ పేరొక్కటే ఉండేది. బండ. కాపరి. కుమ్మరి. మంచు. సింహం. బట్టలుతికే సబ్బు. ఏ చీటీ వస్తే దాన్ని ఏడాదంతా మా వీధుల్లో వెతుక్కోవాలి, ఆదివారం వచ్చి చూసింది చెప్పాలి. “అర్థాలు చెప్పొద్దర్రా. ఏం చూశారో అది చెప్పండి చాలు” అనేవారు. “దేవుడు మంచివాడు, గొప్పవాడు అని ఎవరైనా అంటారు. బైబిలు రాసినవాళ్లు అలా అనేసి ఊరుకోలేదు. ఇంట్లోవీ వీధిలోవీ ఏరుకొచ్చి చూపించారు. చూడకుండా అర్థం చెబితే అది నోటిమాటే అవుతుంది.”

ఒక ఏడాది నాకు సబ్బు వచ్చింది. నేను లేచి, “మా అమ్మ నా యూనిఫాం కాలర్ దగ్గర మస్తు రుద్దుతది టీచర్. తిట్టుకుంట రుద్దుతది. కానీ చొక్కాను పారెయ్యదు” అన్నాను. టీచర్ పకపకా నవ్వి, “శభాష్ ఎస్తేరూ!” అన్నారు. ఆ ఒక్క మెప్పుతో వారం రోజులు గాల్లో తేలాను. ఆ గదిలో నాకంటే బాగా చెప్పేవాళ్లు లేరు, ఉండకూడదు కూడా.

నాకు పన్నెండేళ్లు వచ్చిన ఏడు మెర్సీ వచ్చింది. సదాశివపేట నుంచి. తల్లి చనిపోయింది, తండ్రి వేరే పెళ్లి చేసుకుని పిల్లని పట్టించుకోలేదు. ఎవరో చర్చి పెద్దల ద్వారా ఈ సంగతి తెలిసి టీచర్ తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు. నా కంటే ఏడాది చిన్నది. పీలగా, మాట కూడా పైకి రాకుండా ఉండేది. మొదటిరోజు సాయంత్రం నేను వెళ్లేసరికి వంటగది గుమ్మంలో, నా చోట్లో, అది కూర్చుని ఉంది. టీచర్ దాని తలకి నూనె రాసి జడ వేస్తున్నారు. “రా ఎస్తేరూ, నీకు చెల్లెలు వచ్చింది” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. చెల్లెలు కావాలని నేను అడిగానా!

ఆ జనవరిలో చీటీలు తీశాం. మెర్సీకి పిల్లల మీద రెక్కలు చాపిన కోడి వచ్చింది. నాకు పిల్లల్ని పోగొట్టుకున్న ఎలుగుబంటి వచ్చింది.

“ఇది బైబిల్ల ఉన్నదా టీచర్?” అని అడిగాను.

“ఉంది. హోషేయ గ్రంథంలో. తనని మరిచిపోయిన జనం మీద అలా విరుచుకుపడతానంటాడు దేవుడు.”

“చిక్కడపల్లిల ఎలుగుబంటి యాడుంటది టీచర్?”

గదంతా ఘొల్లుమంది. మెర్సీ కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. టీచర్ మాత్రం, “వెతుకు, దొరుకుతుంది” అన్నారు.

కోడి దొరకడం ఎంతసేపు? మార్కెట్ సందులో కోళ్ల దుకాణం ముందు రోజూ కనిపిస్తుంది. వానాకాలంలో ఒక ఆదివారం మెర్సీ లేచి నిలబడి, గొంతు వినబడీ వినబడకుండా, “కోడి మొత్తం నానింది టీచర్. కిందున్న పిల్లలు తడవలే” అని కూర్చుంది. అంతే చెప్పింది.  టీచర్ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. నేను సబ్బు గురించి చెబితే నవ్వారు, దీని కోడికి కన్నీళ్లు పెట్టుకున్నారు! ఆ రోజు అన్నం సహించలేదు నాకు. మరుసటి ఆదివారం లేచి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర ఎలుగుబంటిని ఆడిస్తుంటే చూశానని పచ్చి అబద్ధం చెప్పాను. “దాని కళ్లెలా ఉన్నాయి?” అని అడిగారు టీచర్. నేను నీళ్లు నమిలాను. “సరే, ఇంకా వెతుకు” అన్నారు, కోప్పడలేదు.

ఆ రోజుల్లోనే పది ఆజ్ఞల పాఠం వచ్చింది. తాను రోషం గలవాణ్ణని దేవుడు తన నోటితో తానే చెప్పుకున్నాడని విని నేను ఉలిక్కిపడ్డాను. “దేవుడికి గూడ కుళ్లు ఉంటదా టీచర్?” అని అడిగాను. “ప్రవక్తలు ఆయన్ని భార్య వదిలిపోయిన భర్తతో పోల్చారు మరి. వదిలేస్తే నొప్పి పుట్టదా?” అన్నారు. నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. హమ్మయ్య, దేవుడు నా పక్షమే అనుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి టీచర్ తలనొప్పితో లోపల పడుకుని ఉన్నారు. మెర్సీ మంచినీళ్లు తీసుకెళ్లి, “అమ్మా, లేస్తవా?” అంది. అమ్మా అంది. టీచర్ సరిదిద్దలేదు. నేను ఆరేళ్లుగా టీచర్ అనే పిలుస్తున్నాను, నాకు ఆ మాట అనే ధైర్యం ఏనాడూ రాలేదు. మెర్సీ బయటికి రాగానే మెట్ల మీదికి లాక్కెళ్లి, “నిన్ను హాస్టల్ల ఏస్తరంట. జాలికి ఉంచుకున్నరంట. టీచర్ మా అమ్మతోని చెప్పిన్రు” అన్నాను.

“నిజంగనా అక్కా?”

“ఒట్టు.”

అది ఏడవలేదు. లోపలికి వెళ్లి, బడి సంచిలో రెండు గౌన్లు కుక్కుకుని, చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయింది. నేను ఆపలేదు. గుమ్మంలో, నా పాత చోట్లో, హోంవర్కు పుస్తకం తెరిచి కూర్చున్నాను.

గంట తరవాత టీచర్ లేచారు. మెర్సీ ఏదంటే తెలీదన్నాను. ఆవిడ వీధిలోకి చూశారు, మేడ మీదికి వెళ్లి చూశారు, దాని గౌన్లు లేవని కనిపెట్టారు. ఆ తరవాత నేను చూసిన మనిషి నాకు తెలిసిన టీచర్ కాదు. పాఠం చెప్పేటప్పుడు కూడా గొంతు పెంచని మనిషి, జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా రోడ్డున పడ్డారు. అశోక్‌నగర్ సందులన్నీ తిరిగారు. చిక్కడపల్లి మార్కెట్‌లో కూరగాయల బండ్ల మధ్య, “నా పిల్ల! నా పిల్లని చూశారా?” అని అరిచారు. నారాయణగూడలో కదులుతున్న బస్సుకి అడ్డం వెళ్లి, చేత్తో దాని ముఖం మీద దబదబా బాదారు. ఒక ఆటో అతను, “అరే అమ్మా, జర పక్కకు జరుగుండ్రి! పిచ్చి లేసిందా ఏంది?” అన్నాడు. ఆవిడ అతని చొక్కా పట్టుకుని గుంజి, ఆటోలో వెనకెవరున్నారో చూసి వదిలారు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టారు. నాకు భయమేసింది, నిజమే. కానీ పరుగెత్తుతున్నంతసేపూ నేను అనుకున్నది మాత్రం ఒకటే. నేను తప్పిపోతే ఇలా వెతుకుతారా?

మెర్సీ ఆఖరికి ఒక బస్టాపులో కనిపించింది. ఏ బస్సు ఎక్కాలో తెలియక సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. టీచర్ దాన్ని ఫెడీమని ఒక్కటి కొట్టి, వెంటనే గుండెకి అదుముకున్నారు. అప్పుడు ఏడిచింది అది, ఊరంతా వినబడేలా. “ఎస్తేరక్క చెప్పింది” అంది వెక్కుతూ. టీచర్ నా వైపు చూశారు. నన్ను కొట్టలేదు. ఆ చెంపదెబ్బ కూడా దానికే దక్కిందని నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక ఆవిడ మెట్ల మీద కూర్చుని కాళ్లు కడుక్కున్నారు. అరికాలు కోసుకుపోయి రక్తం కారుతోంది. “ఎందుకన్నావే ఆ మాట?” అన్నారు.

“కుళ్లుతోని అన్న, టీచర్. దేవుడికి గూడ ఉంటదన్నరు గదా.”

ఆవిడ కాలి మీద ఇంకో చెంబు నీళ్లు పోసుకున్నారు. “ఉంటుంది. ప్రేమ ఉన్నచోట ఉండక తప్పదు. పోతే పోనీ అనుకునేవాళ్లకి రోషం దేనికి? కానీ నీ రోషం ఏం చేసింది? ఒక పిల్లని బయటికి గెంటింది. ఆయన రోషం బయటికి పోయినవాళ్లని వెతుక్కుంటూ పోతుంది. ఒకటే మంట అని సరిపెట్టుకోకు.”  నేను చేసిన పని ఆవిడ మా అమ్మకి చెప్పలేదు.

మర్నాడు తరగతిలో నా వంతు వచ్చినప్పుడు లేచి, “ఎలుగుబంటిని చూసిన, టీచర్. కాళ్లకు చెప్పుల్లేవు” అన్నాను. పిల్లలు నవ్వారు. టీచర్ నవ్వలేదు, నా వైపు చూసి మెల్లగా తల ఊపారు. ఆ రోజు నేను మొదటిసారి అబద్ధం లేకుండా చెప్పాను. ఇప్పుడు ఆదివారాల్లో ఆ రేకుల గదిలోనే నేను పాఠం చెబుతున్నాను, నా తరగతిలో రెండు వారాలు రాని పిల్ల ఉంటే మూడో వారం వాళ్లింటికి వెళ్లి తలుపు కొడతాను. ఇదంతా ఆవిడ నేర్పిందే.

నేర్చుకోనిది కూడా చెప్పాలి. ఆ తరవాత నేను ఆ ఇంటికి వెళ్లడం తగ్గించుకున్నాను. మొదట సిగ్గుతో, ఆనక బింకంతో. పెద్దయ్యాక నేనూ ఉద్యోగం, కాపురం అన్నీ అశోక్‌నగర్‌లోనే పెట్టుకున్నాను. టీచర్ ఇంటికి నడిస్తే పది నిమిషాలు. క్రిస్మస్‌కి కేకు తీసుకెళ్లేదాన్ని, కుర్చీ అంచున కూర్చుని టీ తాగి వచ్చేసేదాన్ని. ఆవిడ మంచాన పడిన చివరి రెండేళ్లలో నాలుగుసార్లు వెళ్లానేమో. ఎవరైనా అడిగితే, మెర్సీ ఉందిగా, కూతురిలా చూసుకుంటోందిగా అనేదాన్ని. ఆ “కూతురిలా” అన్న మాట నోట్లోంచి వస్తుంటే చేదుగా ఉండేది.

టీచర్ పోయాక జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఆహ్వానపత్రంలో కుమార్తె అని మెర్సీ పేరు అచ్చు వేశారు. ఈ వయసులో, ఇంతమంది పిల్లలకి పాఠం చెప్పే మనిషిని, ఆ ఒక్క మాట చూసి రెండు రోజులు ముభావంగా తిరిగాను. కూడిక అయ్యాక అందరూ వెళ్లిపోయారు. వరండాలో టీ గ్లాసులు ఏరుతూ మెర్సీ హఠాత్తుగా ఆగింది.

“నీ మీద నాకెంత మండేదో ఎరుకనా అక్కా?”

నేను తెల్లబోయాను. “నా మీదనా? నేనేం చేసిన?”

“గేటు సప్పుడైతే సాలు, ఎస్తేరొచ్చిందేమో చూడు అనేది అమ్మ. లేచి చూసేదాన్ని. పాలాయన. పేపరాయన. ఎవ్వరు లేరమ్మా అంటే కండ్లు మూసుకునేది. మళ్ల సప్పుడైతే మళ్ల అదే మాట. రెండేండ్లు. అన్నం తినిపించింది నేను, స్నానం పోసింది నేను. నన్ను చూసుకుంట గూడ నీ కోసమే చూసింది.” చేతిలో గ్లాసులు కింద పెట్టేసింది. “పది నిమిషాల దూరం గదా అక్కా. ఎందుకు రాలే?”

 ఎవరి మనిషి అనే పంతంతో ముప్పై ఏళ్లు కూర్చున్నాను, ఆవిడ మంచం మీంచి కూడా నన్ను వెతుకుతూనే ఉన్నారు. మెర్సీ నా భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది, నేను దాని వీపు నిమురుతున్నాను, అప్పుడు కూడా నా లోపల ఈర్ష్య చల్లారలేదు. ఇప్పటికీ చల్లారలేదు, ఇక చల్లారదు. టీచర్ నా కోసం ఎదురుచూసిన ఆ రెండేళ్లూ మెర్సీకే దక్కాయి.