రెండు ఇంజన్లకీ మూడో నంబరే

గాభరాలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

రైలు డ్రైవరుగా రిటైరైన సుబ్బారావు గారు మధ్యాహ్నం పెంటపాడు నుంచి తన బొమ్మ ఇంజన్ తెచ్చి, డీకోడర్ పెట్టమన్నారు. అది గోరంత చిప్పు. దానికో నంబరుంటుంది, రిమోట్‌లో ఆ నంబరు నొక్కితే ఆ ఇంజనే కదులుతుంది. కొత్తవన్నీ 3 నంబరుతోనే వస్తాయి, మనమే మార్చుకోవాలి.

వైర్లు అతికించి, బల్లమీది పట్టాల మీద పెట్టి 3 నొక్కాను. ఆ చివర నిలబెట్టిన నా ఇంజన్‌కీ బద్ధకించి 3 మార్చలేదని గుర్తే లేదు. రెండూ ఎదురెదురుగా బయల్దేరాయి!

"బ్రేకండీ! బ్రేకెయ్యండీ!"

ఆయన అరుపుకి మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. ప్లగ్గు పీకేశాను. మధ్యలో బెత్తెడు మిగిలింది.

నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఒళ్ళంతా చెమట. కుడిచెయ్యి ఇంకా గాలిలో లేని బ్రేకుని పట్టుకునే ఉంది.

"సర్వీసులో ఒకసారి ఇలాగే ఎదురుగా లైటు కనపడిందండి. నా వెనక పెట్టెల నిండా జనం," అన్నారు నీళ్ళు తాగి.

తర్వాత మా ఆవిడనడిగి ఓ నిమ్మకాయ పుచ్చుకున్నారు. "సింగిల్ లైన్లో ఒక్కసారికి ఒక్క బండికే స్టేషన్ మాస్టరిచ్చే ఇనుప బంతి చేతికొస్తేనే బండి కదిపేవాళ్ళమండి. ఇకనుంచి ఈ కాయ చేతిలో ఉంటేనే మీరు రిమోట్ ముట్టుకోండి."

నంబరు మార్చేశాను. సాయంత్రం నడిపి చూద్దామంటే నిమ్మకాయ లేదు. ఆయనే జేబులో వేసుకుని వెళ్ళిపోయారు.

ఫ్రిజ్‌లో ఇంకో అరడజను ఉన్నాయి. అయినా స్విచ్చి వెయ్యడానికి నాకు ధైర్యం చాలట్లేదు. మీరైతే వేస్తారా?