సీసా మందు వచ్చేదాకా

ఈ సంగతి ముందే రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు అక్షరాలు రావు, అంతే. మా ఎమ్మిగనూరు ఉండేది బళ్లారి వైపు, ఇక్కడి బడిలో చెప్పేది కన్నడం. ఆ బడికి కూడా నన్ను పంపలేదు. బర్రెలు నా మాటే వింటాయని మా నాయన తేల్చేశాడు. ఇంట్లో మాట్లాడే తెలుగును కాగితం మీద పెట్టడం గుంతకల్లు నుంచి వచ్చిన నా కోడలు నేర్పింది, అదీ నేను అవ్వనయ్యాక. అక్షరాలు వచ్చినవాళ్లు మొదట దేవుడి గురించి రాయాలట. నేను మా ఆయన గురించి రాస్తున్నాను. దేవుడికి గుండెజబ్బు లేదు కదా.

మా ఆయన వరి రైతు. పోయిన ఏడు కాలువ గట్టు ఎక్కుతూ రొమ్ము పట్టుకొని కూలబడ్డాడు. బళ్లారిలో చూపిస్తే, గుండెకు పోయే రక్తనాళాల్లో కొవ్వు పేరుకొని దారి సన్నబడిందన్నారు. మాత్రలు రాసిచ్చారు. ఎన్నాళ్లు మింగాలని అడిగితే, బతికినంతకాలం అంది డాక్టరమ్మ. ఆ జవాబు ఆయనకు నచ్చలేదు.

"పూడిక ఉండేది ఒక్క తావున. దానికి ఒళ్లంతా మందు పారించాల్నా? నేరుగా ఆడికే పొయ్యేది ఏమీ లేదా తల్లీ?"

ఆమె చిన్న వయసు పిల్ల. రోగి ఇంత మంచి ప్రశ్న వేస్తే పొంగిపోయింది. మందును కంటికి కనిపించనంత సన్నటి రేణువుల్లో నింపి రక్తంలోకి పంపుతారట. అవి కొవ్వు పేరుకున్న చోటు వెతుక్కుంటూ పోయి, అక్కడే మందు దించుతాయట. దాన్ని నానో అంటారని చెప్పింది.

ఆ మాట వినగానే మా ఆయన ముఖం వెలిగింది. మా వైపు ఎరువుల అంగళ్లలో నానో యూరియా అమ్ముతారు. బస్తాకు బదులు సీసా. నీళ్లలో కలిపి ఆకుల మీద కొట్టడమే. ఊళ్లో దాన్ని మొదట కొట్టిన మొనగాడు మా ఆయనే. "ఇంకా ఎలుకల మీదే చూస్తున్నారు యజమాన్రే, మనుషుల దాకా రావడానికి చాలా కాలం పడుతుంది, మాత్రలు మాత్రం మానొద్దు" అని డాక్టరమ్మ చెప్తూనే ఉంది. ఆయన చెవులు ఎలుకల దగ్గరే మూతబడ్డాయి.

మర్నాటి నుంచి బస్టాండు దగ్గరి హోటల్లో ఉపన్యాసాలు. నీళ్ల కొళాయి దగ్గర ఒకామె నన్నే అడిగింది, "మీ ఆయన గుండెకు పిచికారీ కొట్టించుకుంటాడంట గదక్కా?"

మాత్రలు గూట్లో పడ్డాయి. "బస్తాల కాలం పాయె. సీసా వస్తాది. అంతదాకా ఊరికే కడుపు చెడగొట్టుకునేది ఎందుకే?" అంటాడు. నేను అరిచాను, ఏడ్చాను, వాళ్ల వంశాన్ని మొత్తం తిట్టాను. ఏదీ ఎక్కలేదు. ఒక సాయంత్రం మడి నుంచి వస్తూ దారిలో రెండుసార్లు కూర్చుండిపోయాడు. ఇంటికొచ్చేసరికి ముఖంలో నెత్తురు లేదు. ఆ రోజు నేను అరవలేదు.

"ఏమప్పా, సీసా కొట్టిన మొదటి ఏడు ఏం చేస్తివి నువ్వు?"

"ఏం చేస్తిని?"

"బస్తా మొగమే చూడనని అడుగు ఎరువు కూడా మానితివి. పైరుకు కామెర్లు వచ్చినట్ల ఆయె. కంప్లిలో కొంటే మనోళ్లు చూస్తారని కురుగోడు దాకా పోయి బస్తా తెస్తివి, పైన పట్ట కప్పి."

"అదిప్పుడు ఎందుకు తవ్వుతావే?"

"కింద బలం లేకుంటే ఆకు మీద ఎంత కొట్టినా దండగని నువ్వే చెప్తివి గదా. ఆ సన్న మందు వచ్చేనాటికి నువ్వు ఉంటే గదా కొట్టేది. లేకుంటే ఎలుకలకే ఇచ్చుకోమందామా?"

రొమ్ము పట్టుకొనే నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నాకు తెలీకనా. మాత్రలు వట్టి దండగని హోటల్లో అందరికీ చెప్తిని గదా. ఇప్పుడు మళ్లీ మింగితే నవ్వరా?"

జబ్బు రక్తనాళాల్లో ఉంది, అడ్డం మాత్రం మీసాల్లో ఉంది. దానికి ఏ దేశంలోనూ మందు కనిపెట్టలేదు.

మర్నాడు పొద్దున పాలు పితికి, మాత్రలు కొంగున ముడేసుకొని హోటలుకు పోయాను. మా ఊరి ఆడవాళ్లు లోపల కూర్చోరు, బయట నిలబడి పార్సిలు కట్టించుకుంటారు. నేను పోయి ఆయనకు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. చక్కెర తక్కువేసి ఒక టీ ఇమ్మన్నాను. మాత్రలు విప్పి ఆయన ముందు పెట్టి, నీళ్ల గ్లాసు పక్కకు జరిపాను.

మూలనుంచి ఒక పెద్దాయన అడిగాడు, "ఏమమ్మా, సీసా ఇంకా రాలేదా?"

"ఎలుకలు తాగుతాండాయప్పా. అవి బతికితే మనకు పంపిస్తారంట."

హోటలంతా నవ్వింది. ఆయన తల ఎత్తకుండా మాత్రలు నోట్లో వేసుకొని నీళ్లు తాగాడు. ఆయన పళ్లెంలో బొరుగుల ఉగ్గాని ఆయనకే వదిలేసి, పక్కన నూనె కారుతున్న మిరపకాయ బజ్జీలు రెండూ నేను తినేశాను.