తమ్ముడికి చేరనివ్వని మాట

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధం బరువు నా మీద ఉంది. అది ఎవరికీ కనిపించలేదు. కనిపించకుండా నేనే జాగ్రత్తపడ్డాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను జీవశాస్త్రం బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాడిని. వేళ తప్పి వచ్చిన విద్యార్థిని గేటు బయట నిలబెట్టాను. పరిశుభ్రంగా గీయని పటాన్ని దిద్దకుండా వెనక్కి ఇచ్చాను. తప్పును తప్పు అని అప్పటికప్పుడే చెప్పాలని ఎందరికో బోధించాను.

నా తమ్ముడు చదువుకోలేదు. యర్రగొండపాలెం దారిలో మాకున్న మెట్ట చేలు వాడే సాగు చేశాడు. ఏ కాగితం వచ్చినా, ఎవరిని ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చినా వాడికి నేనే దిక్కు.

మరదలికి రెండు కాన్పులూ కడుపు కోసి చేసినవే. రెండవ బిడ్డ బరువు తక్కువగా పుట్టడంతో, బిడ్డ నిలదొక్కుకున్నాకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంగతి చూద్దామని ఇంట్లో అనుకున్నాం. ఏడాది గడిచింది. తమ్ముడు కంది కోతల్లో ఉన్నందువల్ల మరదలిని మార్కాపురం ఆసుపత్రికి నేనే తీసుకువెళ్లాను. డాక్టరమ్మ ఆమెను పరీక్షించి, బిడ్డతో బయట కూర్చోమని పంపి, నన్ను లోపలికి పిలిచారు.

ఆమె చెప్పినది నాకు నేటికీ మాట పోకుండా గుర్తుంది. రెండుసార్లు కోసిన కడుపు, లోపల పేగులు అతుక్కుని ఉండవచ్చు, ఒంట్లో రక్తం కూడా చాలా తక్కువగా ఉంది, మళ్లీ కడుపు తెరవడం క్షేమం కాదు. భర్త చేయించుకుంటే చిన్న పని, అదే రోజు ఇంటికి పోవచ్చు, బలమేమీ తగ్గదు. “మీరు చదువుకున్నవారు. వాళ్లకు మీరే విడమరచి చెప్పండి” అన్నారు. నేను తల ఊపాను.

తిరుగు ప్రయాణంలో, బస్సులో, మరదలు నన్నేమీ అడగలేదు. ఆ రోజుల్లో బావగారిని అటువంటి సంగతి అడిగే అలవాటు ఆమెకు లేదు. అడగలేదు కనుక చెప్పనవసరం లేదని, ఆ మర్యాద చాటున నేను దాక్కున్నాను. ఊరు చేరేలోగా ఏం చెప్పాలో నిర్ణయించుకున్నాను.

అంతకు నెల క్రితం మా ఊరి రైతు ఒకడు ఆ ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు. టీ దుకాణం దగ్గర ఒకడు, “ఏం మామా, కోడెను కొట్టించినట్ల కొట్టించుకొచ్చినావంటనే! ఇంక కాడి మోసేదానికే పనికొస్తావు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఆపరేషన్‌తో మగతనం పోతుందన్న ఆ మాట ఎంత అజ్ఞానమో అక్కడ ఉన్నవాళ్లలో నాకొక్కడికే తెలుసు. రెండు వాక్యాలలో వాళ్లకు బోధించగలిగినవాడిని. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం తమ్ముడు చేను నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా నా ఎదుట నిలబడ్డాడు.

“ఏమన్నది అన్నా డాక్టరమ్మ? ఆమెను ఇప్పటికే రెండుసార్లు కోసినారు. నేనే చేయించుకుంటా.”

“ఆడవాళ్లకు చేయించడమే మేలన్నది.”

“నన్ను వద్దనిందా?”

“సేద్యం చేసేవాడివి, నీకెందుకన్నది.”

తలుపు చాటు నుంచి మరదలు నవ్వింది. “సూది చూస్తేనే కళ్లు తిరిగి పడతావు, నువ్వేంది చేయించుకునేది! బావ అట్ల చెప్తున్నాడంటే అట్లనే కానీయి. ఆయనకు తెలీకనా?”

సరిదిద్దుకోవడానికి అప్పుడు ఒక్క క్షణం ఉంది. నేను మంచినీళ్లు అడిగాను.

డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ పోలేదు. మరో ఊరిలో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడి డాక్టరు పాత కోతలు చూసి, ముందు ఎవరికైనా చూపించారా అని అడిగాడు. చూపించామని, ఫరవాలేదన్నారని చెప్పాను. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి రెండవది అంత సులభంగా వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఆపరేషన్ చేస్తుండగా అతుక్కున్న పేగు తెగింది. మూడవ రోజుకు జ్వరం, కడుపు ఉబ్బరం. ఒంగోలుకు తరలించాం. మళ్లీ కోశారు. నెల రోజులు మంచం మీద ఉండి, ఆమె బతికింది. కాని ఆ మనిషి తిరిగి రాలేదు. మిరప చేలో అందరికంటే ముందు సాలు ముగించే మనిషి వంగలేకపోయింది. నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు నిండిన బిందె పక్కన నిలబడి, ఎత్తిపెట్టేవాళ్ల కోసం నేటికీ ఎదురుచూస్తుంది. తమ్ముడు ఎక్కడికి పోయినా నన్ను పొగుడుతాడు. అన్న ఒంగోలుకు తీసుకపోబట్టి బతికిందంటాడు.

ఎందుకు చేశాను? తమ్ముడి బలం తగ్గుతుందని భయపడ్డానా? లేదు, తగ్గదని నాకు తెలుసు. వాడిని చూసి నవ్వుతారనా? వాడు ఆ నవ్వులకు సిద్ధపడే నా ఎదుట నిలబడ్డాడు. ఆలోచించి ఆలోచించి తేల్చుకున్నది ఇది: టీ దుకాణం దగ్గర వాళ్లు నన్ను, ఫలానా వాడి అన్నను, చూసి నవ్వుతారని భయపడ్డాను. అంత చిన్న సంగతికి ఒక మనిషి శరీరాన్ని ఖర్చు పెట్టాను.

గత నెల తమ్ముడి పెద్దకూతురు వచ్చింది. ఆమెకూ ఇద్దరు పిల్లలు. భర్త తానే చేయించుకుంటానంటున్నాడట, ఏది మేలని అడిగింది. అతను చేయించుకోవడమే మేలని చెప్పాను. ఎందుకో వివరంగా చెప్పాను. రెండు నిమిషాలు పట్టింది. మరదలు గుమ్మం దగ్గర కూర్చుని వింటోంది. వయసు మీద పడ్డాక ఇప్పుడు నా ఎదుట మాట్లాడుతుంది.

“అట్లయితే బావా, అప్పుడు మీ తమ్ముడు చేయించుకొనుంటే సరిపోయేదేమో” అంది. గొంతులో అనుమానం లేదు. వెంటనే తానే సర్దుకుంది. “పోనీలే. అప్పుడు మనకేం తెలుసు!”

మనకు అంది. తమతో పాటు నన్నూ కలుపుకుంది.

నాకు తెలుసు. ఆ గదిలో కుర్చీలో కూర్చుని, స్పష్టంగా విన్నాను. అర్థం చేసుకుని, తల ఊపి, వచ్చి దాచాను. ఆమె ఎదుట ఈ మాట అనగలనో లేదో ఇంకా తెలియదు. అన్నా, క్షమించమని అడిగే హక్కు నాకు లేదు. ఈ రోజు మాత్రం నా చేత్తో రాశాను. అక్షరాలు వంకరగా పడ్డాయి. రాసినది కొట్టివేయను.