కామ్రేడ్ అంటే ఒకే కమ్రాలోని మనిషి

ఆఫీసు పని కోసం జర్మన్ నేర్చుకుంటున్న మా అమ్మాయి మొన్న నార్సింగిలోని మా ఫ్లాట్‌లో పాఠం చదువుతూ, కామ్రేడ్ అంటే అసలు ఒకే గదిలో పడుకునేవాళ్లని, లాటిన్‌లో కమెరా అంటే గదని, స్పెయిన్‌వాళ్లు దాన్నుంచి కమరాద అన్నారని, ఫ్రెంచివాళ్లూ జర్మన్లూ ఇంగ్లీషువాళ్లూ తలా ఒక రకంగా పలికారని, ఆ గదే పోర్చుగీసువాళ్లతో ఓడెక్కి వచ్చి మన హైదరాబాదులో కమ్రా అయిందని చెబుతుంటే, నేను చేస్తున్న పని ఆపి వచ్చి దాని పక్కన కూర్చున్నాను.

హైటెక్ సిటీ చుట్టూ ఇంకా రాళ్లగుట్టలే ఎక్కువగా ఉన్న రోజుల్లో, హఫీజ్‌పేటలో ఒక కమ్రా కిరాయికి తీసుకుని నేనూ, గుంటూరు నుంచి వచ్చిన ఒక నర్సూ ఉండేవాళ్లం. ఆమెది రాత్రి డ్యూటీ, నాది పగలు, ఉన్న ఒక్క మంచం వంతులవారీగా వాడుకునేవాళ్లం. ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చాక మాత్రం ఇద్దరం చాప వేసుకుని గోంగూర పచ్చడితో అన్నం తింటూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం. ఆడపిల్లల్ని క్యాబులో ఇంటి గుమ్మం దాకా దించాల్సిందేనని నేను ఆఫీసులో పోట్లాడినట్టు తెలిసిన రోజునే నాకు కామ్రేడ్ అని పేరు పెట్టింది. "ఏమండీ కామ్రేడ్ గారూ, అన్నం మీద మూత పెట్టారా?" అని గోడ అవతలికి వినబడేలా అరిచేది.

గోడ అవతల ఉండేది ఇంటామె. ఎంత మంచి మనిషో, పండగకు సకినాలు చేస్తే ముందు మాకే తెచ్చేది. కానీ కామ్రేడ్లతో తిరుగుతున్నాడని ఆమె తమ్ముణ్ని ఒకప్పుడు పోలీసులు పట్టుకుపోతే, అతను మళ్లీ ఇంటికి రాలేదట. మాకేం తెలుసు! ఒకనాడు గుమ్మంలో నిలబడి, "గా మాట నా ఇంట్ల వద్దు బిడ్డా, ఇంటే నాకు నిద్ర పడ్తలేదు. జర వేరే కమ్రా చూస్కోండ్రి" అని ఏడ్చేసింది. ఆట పట్టించడానికి అన్నదేనని ఎంత మొత్తుకున్నా నమ్మలేదు.

స్నేహితురాలు ఆసుపత్రి హాస్టలుకు పోయింది, నేను కొండాపూర్‌లో బంధువుల ఇంటికి చేరాను. మొదట్లో తరచూ ఫోన్లు, తర్వాత పండగలకు మాత్రమే, ఆ తర్వాత నంబర్లే మారిపోయాయి. ఏదో గల్ఫు దేశం వెళ్లిందని విన్నాను.

అయ్యో, ఆ అర్థం అప్పుడే తెలిసుంటే! మీ కమ్రా, మా కామ్రేడ్ ఒక తల్లి బిడ్డలేనమ్మా, ఒకే గదిలో ఉంటామని తప్ప ఇందులో ఇంకేం లేదని ఇంటామె చేతులు పట్టుకుని చెప్పేదాన్ని కదా. కలిసి ఉంటామని చెప్పే మాటే మమ్మల్ని ఆ గదిలోంచి బయటికి నెట్టింది. ఆ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

పాఠం ముగించి మా అమ్మాయి తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. మా ఆయన రాత్రి కాల్స్ ఉంటాయని ఎప్పటినుంచో వేరే గదిలోనే పడుకుంటున్నారు. ఇరుకు గదుల్లో సర్దుకున్న మన కాలంవాళ్లం అందరం ఇప్పుడు మనిషికో గది సంపాదించుకున్నాం. అసలు అర్థంలో చూస్తే, నన్ను కామ్రేడ్ అని పిలవగలిగిన మనిషి ఈ ఇంట్లో ఒక్కరూ లేరు.