పుల్లటి బీరు కోసం మా మరిది ప్రయాణం

మా మరిదికి పులుపు పిచ్చి. చెడిపోయిన బీరు సీసా కోసం కొట్టువాడితో పోట్లాడి గెలిచినంత పిచ్చి. ఆ పోట్లాట నేను కళ్ళారా చూశాను కాబట్టి ఎవరూ కాదనడానికి లేదు.

మా మరిది తాళాలు బాగుచేస్తాడు. నా బీరువా తాళం మొరాయిస్తే, అతన్ని వెతుక్కుంటూ వీధి మొగలో ఉన్న బీరు కొట్టుకు వెళ్ళాను. బల్ల చుట్టూ ముగ్గురు: మా మరిది, బస్సు డ్రైవరు, రొట్టెల మేస్త్రి. చిన్నప్పటి నుంచీ ఒకే జట్టు. రొట్టెల మేస్త్రి ఒక గుక్క తాగి, గ్లాసు వంక వింతగా చూస్తూ, "పుల్లగా ఉందిరా" అన్నాడు.

కొట్టువాడు పరుగెత్తుకొచ్చాడు. "అయ్యయ్యో, పాడైపోయినట్టుందండీ. వేరేది ఇస్తా."

"సీసా మీద చెయ్యి పడిందంటే ఊరుకోను," అన్నాడు మా మరిది.

"చెడిపోయింది బాబూ!"

"మాకు చెడిపోయిందే కావాలి. ఇలాంటివే ఇంకో రెండు పట్రా."

"మా కొట్లో చెడిపోయినవి అమ్మం!"

"ఇప్పుడే అమ్మావుగా? మళ్ళీ అమ్మడానికేం రోగం?"

మా మరిది సీసా చంకన పెట్టుకుని, రాజ్యం గెలిచినవాడిలా బయటికొచ్చాడు. నా బీరువా తాళం సంగతి ఎవరికీ పట్టలేదు.

కావాలనే బీరును పుల్లగా చేసే చోట్లున్నాయని డ్రైవరు కబురు మోసుకొచ్చాడు. చెక్క పీపాల్లో నెలల తరబడి పులియబెడతారట. పాడుచెయ్యడానికి నెలలెందుకో నాకర్థం కాలేదు. మా కోడలి చేతిలో పెడితే ఒక్క పూట చాలు.

ఆ చోట్లన్నీ తిరిగి రుచి చూడాలని మా మరిది పట్టుబట్టాడు. ఆలోచనలన్నీ నా భోజనాల బల్ల మీదే. డ్రైవరు మ్యాపు పరిచాడు. మా మరిది ఎక్కడి నుంచో తెప్పించిన పుల్ల బీరు మూడు గ్లాసుల్లో పోశాడు. తను ఒక గుక్క తాగేసరికి ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అద్భుతం! ఇంకాస్త పులుపుంటే ఇంకా బాగుండేది," అన్నాడు, ఆ కన్ను తెరుచుకోకముందే.

రొట్టెల మేస్త్రి మాత్రం గ్లాసు ఖాళీ చేసి, "నేను రాను. మీరు వెళ్ళండి," అన్నాడు. జబ్బు చేసి లేచిన దగ్గర్నుంచీ అతనిది అదే పాట. బట్టీ కూతురికి అప్పగించాడు, వీళ్ళిద్దరూ లాక్కొస్తే తప్ప గదిలోంచి కదలడు. తిండి కూడా మానేసి చిక్కి సగమయ్యాడు.

"నీళ్ళు తాగొస్తా," అంటూ మా మరిది లేచాడు. ఎంతకీ రాకపోతే వంటింట్లోకి వెళ్ళి చూశాను. నా చక్కెర డబ్బాలో చెయ్యి, నోటినిండా చక్కెర.

"ఏమయ్యా, నీది పులుపు పిచ్చి కదా?"

"నెమ్మదిగా వదినా! పులుపంటే నాకు ప్రాణసంకటం," అన్నాడు మింగలేక. "జబ్బు తర్వాత వాడికి తీపి లేదు, ఉప్పు లేదు. తన రొట్టె తనకే మట్టిలా ఉందట. అన్నాళ్ళకి నాలిక్కి తగిలింది ఆ చెడిపోయిన సీసా ఒక్కటే. ఇదంతా తనకోసమేనని తెలిస్తే వాడు గడప దాటడు. అందుకే పిచ్చి నాకు పట్టిందన్నాను."

చక్కెర డబ్బా మూత బిగించాను. బల్ల దగ్గరికెళ్ళి రొట్టెల మేస్త్రి ముందు నిలబడ్డాను.

"ఇదిగో మేస్త్రీ, వీడి పిచ్చి మా ఇంటిల్లిపాదీ భరించలేకపోతున్నాం. డ్రైవరు బండి చూసుకుంటాడా, వీణ్ణి చూసుకుంటాడా? నువ్వు వెళ్ళకపోతే నా ఇంట్లో ఈ మ్యాపులూ వద్దు, గ్లాసులూ వద్దు."

మేస్త్రి నిట్టూర్చాడు. మా మరిది గ్లాసు కూడా లాక్కుని, మిగిలింది తాగేసి, "సరే, వస్తాను. ఒంటరిగా వదిలితే వీడు వెనిగర్ కూడా తాగేసేలా ఉన్నాడు," అన్నాడు.

వాళ్ళిద్దరూ వెళ్ళాక మా మరిది గుమ్మం దగ్గర ఆగాడు.

"వదినా, నువ్వు కూడా రావాలి. నా పక్కనే కూర్చో. నేను 'అద్భుతం' అన్నప్పుడల్లా, వాడు చూడకుండా, బల్ల కింద నుంచి ఓ చక్కెర బిళ్ళ అందించు."