అన్న పెళ్లి కేసెట్టు చివర్లో నేను

మా మోటారు రూము కప్పు మీది నుంచి బావిలోకి దూకింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు ప్రాణం హాయిగా ఉంటుంది. ఎందుకంటే పదేళ్లకు పైగా ఆ పేరు మా అన్న మోసుకు తిరిగాడు.

పెనుకొండ దగ్గర పల్లె మాది. తొంభైల్లో మా బావిలో ఇంకా నీళ్లుండేవి. నడుముకు ఎండు సొరకాయలు కట్టి అమ్మే నాకు ఈత నేర్పింది. పెద్దదాన్నయ్యాక మాత్రం ఆ వైపు పోనివ్వలేదు. పోనివ్వకపోతే ఆగుతానా? అందరూ కునుకు తీసే వేళ చూసి పోయేదాన్ని. మెట్ల మీంచి దూకి దూకి విసుగుపుట్టి, గట్టు మీదున్న మోటారు రూము కప్పెక్కాను. అక్కడి నుంచి కిందికి చూస్తే మగపిల్లలకే కళ్లు తిరిగేవి. నాకు తిరగలేదు. ఒకటే కొరత, గాల్లో నేనెలా ఉంటానో నాకు తెలియదు. చూసి చెప్పేవాళ్లూ లేరు.

అన్న పెళ్లికి హిందూపురం నుంచి వీడియో ఆయన వచ్చాడు. భుజానికెత్తుకునే పెద్ద కెమెరా. పెళ్లి జరిగినంతసేపూ నేను పెళ్లికూతుర్ని చూడలేదు, ఆయన బొటనవేలు చూశాను. ఎర్ర బొత్తాం నొక్కితే మొదలు, మళ్లీ నొక్కితే ఆగుతుంది. అంతే గదా విద్య! మరునాడు కొత్త జంటతో పాటు మగవాళ్లంతా వియ్యాలవారి ఊరికి పోయారు. కేసెట్టులో ఇంకా కాస్త టేపు మిగిలిందని చెప్పి, వీడియో ఆయన సంగటి తిని వేపచెట్టు కింద నిద్రపోయాడు.

స్టాండుతో సహా కెమెరాను ఎత్తుకుపోయి బావి గట్టు మీద నిలబెట్టాను. బొత్తాం నొక్కి, పావడా గోచీ బిగించి, కప్పెక్కి దూకాను. పైకొచ్చి చూద్దును గదా, కెమెరా మొహం ఆకాశం వైపు ఉంది. ఛీ అనుకుని దాని తల వంచి మళ్లీ ఎక్కి దూకాను. ఈసారైనా కెమెరాలో పడ్డానో లేదో తెలిసే దారి లేదు. చేతులు తుడుచుకుని దాన్ని ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆయన గురక ఆగనేలేదు.

కేసెట్టు వచ్చిన రోజు వీసీపీ అద్దెకు తెచ్చారు. వీధి వీధంతా మా ఇంట్లో కూర్చుంది. అప్పగింతలు అయిపోయాయి. తెర మీద మోటారు రూము గోడ అంచు, దాని పైన ఆకాశం కనబడ్డాయో లేదో, అమ్మ ఒక్క దూకున పోయి ఆపేసింది. నా తడి జడను దూకిన రోజే చూసిందామె.

"అయిపోయింది, లేయండి లేయండి" అని అందర్నీ పంపేసి, నన్ను వంటింట్లోకి లాగింది. "ఏం పోయేకాలమే నీకు? పెండ్లి కావాల్సిన పిల్లవి, తడిబట్టల్తో ఊరందరికీ కనపడ్తావా?"

కేసెట్టు ట్రంకు పెట్టెలో చీరల అడుగుకు చేరింది.

కానీ ఆ మధ్యాహ్నం ఎవరో దూకడం గొర్రెలు కాసేవాళ్లు దూరం నుంచి చూశారు. అది ఏ రోజో వాళ్లకు గుర్తులేదు, ఆ పూట అన్న ఊళ్లోనే లేడన్నది ఎవరికీ తట్టలేదు. ఆ ఇంట్లో అంత గుండె పెద్దోడికే ఉండాదని ఊరు తేల్చేసింది. అన్న మొదట కాదన్నాడు. తర్వాత కాదనడం మానేశాడు. ఆ తర్వాత తనే చెప్పడం మొదలుపెట్టాడు. నేను ధర్మవరానికి కోడలిగా వెళ్లి, పుట్టింటికి వచ్చినప్పుడల్లా అరుగు మీద అదే కథ. కడుపు మండిపోయేది. "దూకింది నేనప్పా" అంటే అందరూ పకపకా నవ్వేవాళ్లు. అమ్మ మాత్రం నవ్వేది కాదు, ఊరుకోమని కళ్లతో చెప్పేది.

సీడీలు వచ్చాక ఇక ఊరుకోలేదు. అమ్మతో ఒక్క మాట చెప్పకుండా పెట్టె తెరిచి కేసెట్టు తీసుకున్నాను. టేపు మీద తెల్లగా బూజు. హిందూపురంలో ఆ వీడియో ఆయనే ఇప్పుడు కేసెట్లను సీడీల్లోకి ఎక్కిస్తున్నాడు. బూజు మెల్లగా తుడిచి, తన వీసీఆర్‌లో పెట్టాడు.

"అప్పగింతల్తో నిలిపేస్తా మా. అవతలంతా వేస్టు."

"ఆ వేస్టే నాకు కావల్ల. నిలిపితే సూడు!" అని స్టూలు లాక్కుని కూర్చున్నాను.

ఆకాశం వచ్చింది. దబ్బుమని చప్పుడు. తర్వాత అంతా గీతలు. స్టూలు తెర దగ్గరికి లాక్కున్నాను. గీతలు తగ్గాయి. కప్పు మీద నేను! రెండు కాళ్లూ దగ్గర పెట్టి, చేతులు ఒంటికి ఆనించి, సూదిలా దిగాను. అబ్బ, ఎంత బాగున్నానో! నా గురించి నేనే చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి. వెనక్కి తిప్పమన్నాను. నీళ్లు నన్ను ఉమ్మేసినట్టు మళ్లీ కప్పు మీదికి ఎగిరాను. నవ్వుతూనే ఏడ్చేశాను.

వీడియో ఆయన మొహం మాత్రం పాలిపోయింది. "మా, అది నా కెమెరానే గదా? బావి గట్టు మీద పెట్టినావా? పడింటే నా గతేం కావల్ల?"

"పడలేదు గదన్నా" అన్నాను.

ఆ వారమే ఊరికి పోయాను. అన్న టీవీ గదిలో నలుగురిని కూర్చోబెట్టుకుని అదే కథ చెబుతున్నాడు. సీడీ పెట్టి, చివరికి జరిపాను. దూకడం అయిపోయింది. అన్న తల గోక్కుని, "నేనూ ఒగతూరి ఆ కప్పెక్కినాలేప్పా. బయపడి దిగొచ్చినా" అన్నాడు. అందరి ముందూ అంత మాట ఒప్పుకున్నాడే, వాడి మీద కోపమంతా అక్కడికక్కడే పోయింది.

అమ్మ ఎప్పుడొచ్చిందో, గడప దగ్గర నిలబడి ఉంది. అన్న ఆపబోతే అతని చేతిలోంచి రిమోటు లాక్కుని నాకిచ్చింది.

"ఆపొద్దురా. మళ్లా మొదుట్నుంచి ఎయ్యి, అందరూ సూడల్ల" అంది. "నా కూతురు ఎట్ల దూకిందో!"